కొండగొర్రె తుప్ప మీద నా డ్రోను

మాడుగుల అవతల కొండల్లో ఇటుకల పండగ, అంటే చైత్రంలో కొండవాళ్లు చేసుకునే వేట పండగ, చూసి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్టూడియోకి వచ్చేవాళ్లందరిదీ ఒకటే పోరు. వీడియో ఏది, ఓసారి పెట్టు అని. పెట్టను. అడిగి అడిగి విసిగిపోయినవాళ్లు నాకు పొగరెక్కిందని పక్క షాపులో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. ఆ వీడియో చూపించడానికి నాకు సిగ్గుగా ఉంది. అందుకని జరిగింది రాస్తున్నాను. రాయడానికీ సిగ్గే గానీ, రాసేటప్పుడు ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు.

నాది అనకాపల్లిలో ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు నా పని. డ్రోను కొన్న దగ్గర్నుంచి పెళ్లికొడుకు ఊరేగింపులు ఆకాశం నుంచి కూడా తీస్తున్నాను. డబ్బుకి లోటు లేదు. కాకపోతే నగల మీద పడ్డ లైట్లని సరిచేసీ సరిచేసీ విసుగొచ్చి, ఒక్క అడవి జంతువునైనా అది తిరిగే చోట తియ్యాలని చాలా కాలంగా కోరిక. జూలో తీసినవి లెక్కలోకి రావు. ఆ మాటకొస్తే మా తుమ్మపాల వైపు చెరకు దట్టంగా ఉన్న రోజుల్లో పొద్దుగూకితే నక్కలు కూసేవి. చెరకు తీసేసి సరుగుడు వేశారు, సరుగుడు తీసేసి ప్లాట్లు వేశారు. నక్కలు కూయడం ఎప్పుడు మానేశాయో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

గంగరాజు కూతురి పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. కొండ మీద జీడితోట ఉన్న రైతు. ఆల్బమ్ పట్టుకెళ్లడానికి వచ్చినప్పుడు ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు కూర్చుని, లేచేముందు అన్నాడు.

"బాగా దించినావు బావా. చైత్రంలో మా పండక్కి రా. మగోళ్లందరం ఏటకెల్తాం. సూద్దువు గాని."

వేట అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఈ రోజుల్లో వేటేమిటి? కేసులు పెట్టరా?" అన్నాను.

"పెడతారు. మేం ఆడేది ఏట కాదులే. వచ్చి సూడు, నీకే తెలుత్తాది" అని నవ్వాడు.

మాడుగుల హల్వా

మాడుగులలో దిగి హల్వా కొనకుండా కొండెక్కితే పాపం తగులుతుందని మావాళ్ల నమ్మకం. నేను బండి ఆపింది మాత్రం నమ్మకం కొద్దీ కాదు, వాసన కొద్దీ. కిలో ధర అడిగి పావుకిలో కొనుక్కునే జాతి మనది. ఆ రోజు గంగరాజు ఇంటికి తీసుకెళ్లాలి గనక గొప్పకు పోయి అరకిలో కట్టమన్నాను. కొట్టాయన రుచికని చేతిలో ఒక ముక్క పెట్టాడు. గోధుమపాలు గంటల తరబడి కలిపితే వచ్చే ఆ జిగురు, పైన వేయించిన జీడిపప్పు. నెయ్యి మణికట్టు దాకా కారింది.

"పప్పు ఎక్కడిదండీ? పెద్దగా ఉంది" అన్నాను.

"పైదేనండి. అదిగో, ఆ కొండలన్నీ ఇప్పుడు జీడితోటలే. మునుపు అడివి. ఇప్పుడు సూడండి, ఎంత సుబ్బరంగా ఉన్నాదో" అని చేత్తో చూపించాడు.

నిజంగానే శుభ్రంగా ఉంది. కొండవాలు మీద చెట్లు బడిపిల్లల్లా వరసల్లో నిలబడ్డాయి. ఎంత అందంగా ఉందో అనుకుని రోడ్డు పక్కన నిలబడి ఫోటో కూడా తీసుకున్నాను.

దారికడ్డంగా వెదురుగడ

ఘాటు దారిలో మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా వెదురుగడ, దాని వెనక ఆడవాళ్లు. పండగ రోజుల్లో ఆ దారిన పోయే బండిని ఆపి, పాట పాడి, డబ్బు అడగడం వాళ్ల హక్కు. నేను పది రూపాయలు తీశాను. వాళ్ల నవ్వు లోయంతా వినబడింది.

"పదికి డప్పు కూడా మోగదు బాబూ" అంది ముందు నిలబడ్డ ముసలామె. ముక్కుకి మూడు పోగులు, తలలో మోదుగు పువ్వు.

మా ఊళ్లో చవితి చందాకి వచ్చేవాళ్లు రశీదు పుస్తకం చూపించి, మొహం ముడుచుకుని అడుగుతారు. మనమూ అలాగే ఇస్తాం. ఇక్కడ పాడతారు, వెక్కిరిస్తారు, ఇచ్చాక నుదుట బొట్టు పెడతారు. నేను యాభై ఇచ్చి పెళ్లికొడుకులా బొట్టు పెట్టించుకున్నాను. ముసలామె నా భుజాన ఉన్న సంచిని తట్టి చూసింది.

"ఏటిది?"

"డ్రోను. గాల్లో ఎగిరి పైనుంచి ఫోటోలు తీస్తుంది."

"గద్దలాగా?"

"అంతకంటే బాగా" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఎవరింటికి అని అడిగితే గంగరాజు పేరు చెప్పాను. ఆమె గంగరాజు తల్లేనట, పేరు కొండమ్మ. గడ ఎత్తించి, "ఎల్లు నాయనా, అంబలి తాగు, నానెనకే వత్తాను" అంది.

గంగరాజు ఊరు

ఊరి పేరు రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

చోడి అంబలి, అదే రాగి అంబలి, ఉప్పుచేప, పనసకాయ కూర పెట్టారు. మా ఇంట్లో పనసకాయకి ఆవ పెడతాం, వాళ్లు చింతపండు పులుసు పోసి మిరపకాయలు తుంపి వదిలేస్తారు. రెండుసార్లు వడ్డించుకున్నాను. హల్వా పొట్లం విప్పితే పిల్లలు పైనున్న జీడిపప్పు ఏరి పక్కన పడేసి హల్వా మాత్రం తిన్నారు. జీడిపప్పుతో విసిగిపోయిన మనుషుల్ని మొదటిసారి చూశాను.

భోజనం అయ్యాక గంగరాజు తోట చూపించాడు. గింజలు రాలే కాలం గనక చెట్ల కింద ఒక్క గడ్డిపరక లేకుండా తుప్పలన్నీ నరికి, కాల్చి, ఊడ్చి పెట్టాడు. మా వాకిలి కూడా అంత నున్నగా ఉండదు. తోట దిగువన గెడ్డ. గెడ్డంటే కొండ మీంచి వచ్చే వాగు. దాని రెండు ఒడ్డుల వెంటా మాత్రం ముళ్లపొదలు, వెదుళ్లు, తీగలు అల్లుకుపోయి ఒక తుప్ప ఉంది. అంత శుభ్రం మధ్య అదొక్కటే మాసిపోయినట్టుంది.

"దాన్నెందుకు వదిలేశావు?" అన్నాను.

గంగరాజు అక్కడే కూర్చుని చెప్పాడు. వాళ్ల తాతల నాడు కొండపోడు చేసేవాళ్లు. ఒక వాలు కొట్టి, కాల్చి, చోళ్లూ సామలూ పండించి, కొన్నేళ్లు వదిలేసి మరో వాలుకి పోయేవాళ్లు. వదిలేసిన వాలంతా మళ్లీ తుప్ప లేచేది. ఆ తుప్పలో కుందేళ్లు, అలుగులు, కొండగొర్రెలు చేరేవి. కొండగొర్రె మేకంత జింక, బెదిరితే కుక్కలా మొరుగుతుంది. జీడి వచ్చాక వాలుని వదలడమన్నది లేదు. చెట్టు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, దాని కింద ఏటేటా ఊడుస్తారు. జంతువుకి ఎండలోనూ మంచులోనూ దాక్కునే చోటు ఆ గెడ్డ ఒడ్డున తప్ప మరెక్కడా లేకుండా పోయింది.

"ఒక ఆడది మిగిలున్నాది అందులో. మగది యే దూరపు కొండ నుంచో ఎప్పుడో వచ్చి పోతాది. దాని అరుపు ఇంటాం, అంతే. అది సచ్చిపోతే మరేటికి బావా ఏట? ఏట లేపోతే పండగేటికి?"

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పండగనాడు వేటకెళ్లిన మగవాళ్లు ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లోనే కుండలతో పేడనీళ్లు పోస్తారు, స్నానం చేసేదాకా గడప తొక్కనివ్వరు. ఆ మాటలకీ, పాటలకీ తలెత్తుకోలేరు. ఒకప్పుడు ఆ సిగ్గుకి భయపడే ఏదో ఒకటి కొట్టుకొచ్చేవాళ్లు. కొన్నేళ్లుగా కొండమ్మ మాట మీద ఊరు ఊరంతా ఒక నాటకం ఆడుతోంది. మగవాళ్లు డప్పులతో, కుక్కలతో, బల్లేలతో ఏమీ దొరకని బోడివాలుకే వెళతారు. ఉత్తచేతులతో వస్తారు. ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"గెడ్డ తుప్పేపు మాత్రం పోం. నువ్వూ పోకు బావా."

"అడుగు పెట్టను" అని మాటిచ్చాను.

బోడివాలు మీద వేట

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. గంగరాజు అల్లుడు సన్యాసికి పెళ్లయ్యాక ఇది మొదటి పండగ. పెళ్లిలో నేను దండలు సర్ది నిలబెట్టిన కుర్రాడే. అతని మీదే అందరి జోకులూ. కొత్త పెళ్లాం చేతి పేడనీళ్లు చల్లగా ఉంటాయా వెచ్చగా ఉంటాయా అని ఒకరు, మూడు రోజుల నుంచి కుండలో నానబెట్టిందని ఇంకొకరు.

"పొయ్యనీరా, పేడేగా. యాసిడ్డేటి?" అని సన్యాసి ఛాతీ విరుచుకుని నడిచాడు.

ఎండలో బోడివాలంతా ఎక్కాం. రాళ్లు, కాలిన మొదళ్లు తప్ప ఏమీ లేవు. సన్యాసి ఒక రాతి వెనక పాకి, నోటి మీద వేలు పెట్టి, లేని పంది మీదికి బల్లెం విసిరాడు. పెద్దవాళ్లు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, కానీ లోపల చికాకుగానే ఉంది. ఇంత దూరం వచ్చి రాళ్లని ఫోటో తీసుకుని పోవాలా? పెళ్లిలో కూడా నాటకమే తీస్తాను, ఇక్కడా నాటకమేనా?

మధ్యాహ్నం దిగి గంగరాజు తోటలో, నీడ పట్టున కూర్చున్నాం. జీలుగు చెట్టు కల్లు అందరి చేతుల్లో తిరిగింది. గంగరాజు తుండుగుడ్డ మొహాన వేసుకుని పడుకున్నాడు. నేను సంచి విప్పాను. పైనుంచి ఊరు తీస్తానంటే సన్యాసికి ఒకటే ఉత్సాహం. తీశాను. ఇళ్లు, కళ్లాలు, కుండలు సర్దుకుంటున్న ఆడవాళ్లు. అక్కడితో దింపేయాలి.

దింపలేదు. గెడ్డ వైపు తిప్పాను. అడుగు పెట్టనన్నాను గదా, పెట్టడం లేదు, పైనుంచి ఒక్కసారి చూస్తానంతే అని నాకు నేనే చెప్పుకున్నాను. గంగరాజు లేచి ఉంటే అడిగేవాణ్ణా? అడిగేవాణ్ణి కాదు. అతను పడుకునేదాకా ఆగిందే అందుకు.

తెర మీద వెదురాకుల సందున ఇటుకరాయి రంగుది ఏదో కనిపించింది. కొంచెం కిందికి దింపాను. అది చెవులు నిక్కించి తలెత్తింది. నాకు పట్టలేని సంతోషం. ఇంకొంచెం దింపాను. పెళ్లి పందిట్లో అయితే డ్రోను మోతకి అలవాటుపడి ఎవరూ తల కూడా ఎత్తరు. ఆ తుప్పలో దానికదెలా వినిపించిందో, ఒక్క అరుపు అరిచి బయటికి దూకింది.

బయట జీడితోట. ఊడ్చిన నేల. తల దాచుకోవడానికి ఒక్క పొద లేదు. చెట్టు నుంచి చెట్టుకి పరిగెత్తింది, ప్రతి చెట్టు కిందా నున్నటి వాకిలే. కుక్కలు లేచాయి. మగవాళ్లు కుక్కల పేర్లు పెట్టి అరుస్తూ వెనక పరిగెత్తారు. నీళ్లు తాగడానికి పిలిచినట్టు పిలిచారు, తిట్టారు, రాళ్లు విసిరారు. పండగని ముందు రోజు నుంచి కడుపు మాడ్చి ఉంచిన కుక్కలు అవి, ఆగలేదు.

నేను ఆ సేపంతా ఏం చేశానో కూడా రాయాలి. రిమోటు స్టిక్ మీద నుంచి వేలు తియ్యలేదు. కొండగొర్రె తెర అంచుకి పోతుంటే ఫ్రేము సరిచేశాను. ఇన్నేళ్లలో నేను తీసినవాటిలో అంత బాగా వచ్చిన షాటు ఇంకొకటి లేదు.

కుక్కల్ని విడదీసేసరికి వెనకకాళ్ల మీద లేవలేని స్థితిలో ఉంది. సన్యాసి బల్లెంతో దాని బాధ తీర్చి, బల్లెం అక్కడే పడేసి, చెట్టుకి ఆనుకుని మొహం అటు తిప్పుకున్నాడు. తిడతారనుకున్నాను. కొడతారేమోనని కూడా అనుకున్నాను.

"ఏటి సేసేవు బావా" అన్నాడు గంగరాజు.

ఊరి మొదట్లో

డప్పు కొట్టకుండా వచ్చాం. ఆడవాళ్లు కుండలు ఎత్తి పట్టుకుని, పాట అందుకుని, మావాళ్ల భుజాల మీదున్నదాన్ని చూసి ఆపేశారు. కొండమ్మ ముందుకొచ్చి దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది.

"పాలున్నాయి" అంది.

అంటే తుప్పలో పిల్ల ఉంది. ఏదో ఒకటి చెయ్యకపోతే అక్కడ నిలబడలేననిపించి, "అమ్మా, నేను డ్రోను వేసి చూస్తాను, పిల్ల ఎక్కడుందో కనిపెడదాం" అన్నాను.

"ఒద్దు బాబూ. ఇంక నువ్వేటీ ఎగరెయ్యకు" అంది. కోపంగా కాదు, పిల్లాడికి చెప్పినట్టే చెప్పింది.

తుప్పలోకి ఎవరూ వెళ్లకూడదని, మనిషి వాసన తగలకపోతే దాని బతుకు అది చూసుకుంటుందేమోనని పెద్దలు అనుకున్నారు. చూసుకునేంత వయసు దానికుందో లేదో ఎవరికీ తెలియదు.

తర్వాత వాళ్ల ఆచారం ప్రకారం జరగాల్సింది జరిగింది. ఆ ఊళ్లో వేట ఎవరి చేత చచ్చిందన్నది లెక్క కాదు, దాగినదాన్ని ఎవరు లేపారన్నదే లెక్క. లేపినవాడిదే వేట. కొండమ్మ కోడలు చెంబుతో పసుపునీళ్లు తెచ్చింది. ముసలామె నన్ను గట్టు మీద కూర్చోబెట్టి నా కాళ్లు కడిగింది. తప్పించుకోబోతే పాదం గట్టిగా పట్టుకుంది. ముందు రోజు దారిలో పెట్టిన చోటే మళ్లీ బొట్టు పెట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా పక్కన మగవాళ్లు ఒక్క మరక లేకుండా, తప్పు చేసినవాళ్లలా నిలబడ్డారు. సన్యాసి కొత్త పెళ్లాం తన కుండని రెండు చేతులతో పట్టుకుని ఎటు పోయాలో తెలియక చూస్తోంది.

"నా మీద పొయ్యండమ్మా" అన్నాను కొండమ్మతో. నిజంగానే అన్నాను. ఆ పేడనీళ్లు నెత్తిన పడితే ఆ పూటకి నేనూ ఆ మగవాళ్లలో ఒకణ్ణి అయిపోతానని అనిపించింది.

"తెచ్చినోడి మీద పొయ్యం నాయనా. అలగ సెయ్యకూడదు" అంది. కుండలన్నీ ఒక్కొక్కటే కంచె పక్కన ఒంపేశారు.

వండే లోపు గంగరాజు వీడియో చూపించమన్నాడు. వద్దన్నాను. వినలేదు. చుట్టూ తలలు చేరాయి. ఊరు రాగానే ఎవరిల్లు ఎక్కడో వేలు పెట్టి చూపించుకున్నారు. వీడియో గెడ్డ వైపు తిరిగింది. పైనుంచి చూస్తే కొండ కొండంతా చెట్ల చుక్కలు, చుక్కల మధ్య బోడినేల. గెడ్డ తుప్ప పాపిటంత సన్నగా ఉంది.

"ఇంతేనేటి మనం ఒదిలీసింది?" అన్నాడు గంగరాజు.

నేల మీద నిలబడి చూసినప్పుడు అది వాళ్లకి పెద్ద తుప్పలాగే ఉండేది. అందులో అది క్షేమంగా ఉందని నమ్మేవాళ్లు. ఆ నమ్మకం కూడా నేనే తీసేశాను. అందరూ చూస్తుండగానే తెర మీద కొండగొర్రె బయటికి దూకింది. గంగరాజు ఫోను బోర్లించి నా చేతిలో పెట్టాడు.

లేపినవాడి వాటా అని ఆకులో మొదటి ముక్కలు నాకే పెట్టారు. తినకపోతే చనిపోయినదానికీ వండినవాళ్లకీ కూడా అవమానమట. తిన్నాను. బాగుంది. ఇది రాయకుండా దాటేద్దామని చాలా చూశాను.

అనకాపల్లి

దిగేటప్పుడు వెదురుగడ ఎత్తే ఉంది. ఎవరూ ఆపలేదు, ఎవరూ పాడలేదు. మాడుగులలోనూ బండి ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వాకిట్లో బకెట్టుతో నీళ్లు, పాత తువ్వాలు, సబ్బు సిద్ధంగా పెట్టింది. పేడనీళ్ల సంగతి ఫోనులో చెప్పిన దగ్గర్నుంచి ఆవిడకి ఒకటే సరదా. పక్కింటివాళ్లకి కూడా చెప్పిందేమో, వాళ్లూ గోడ మీంచి చూస్తున్నారు. నా చొక్కా ముందు చూసింది, వెనక్కి తిప్పి చూసింది.

"ఏటండీ, ఒక్క మరక్కూడా లేదు? పొయ్యలేదా మీ మీద?"

"లేదు."

"అయితే ఏట దొరికిందన్నమాట! ఎవరికి దొరికిందేటి?"

"నాకే" అన్నాను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. గోడ మీంచి వాళ్లూ నవ్వారు.